మూడుంపావు గంటల దూరం

ఏప్రిల్ 9

మధ్యాహ్నం ఉల్రికా ఫోన్ చేసింది. నంబరు స్వీడన్‌దని చూడగానే తెలిసింది. ఎత్తాలా వద్దా అని ఆలోచించేలోపే చెయ్యి ఎత్తేసింది. మా తమ్ముడి భార్య గొంతు విని తొమ్మిదేళ్లయింది. మా గ్రీకు భాష మరిచిపోలేదు. ఇప్పటికీ ఒక్కో మాటా తడి రాళ్ల మీద అడుగేసినట్టు జాగ్రత్తగా మాట్లాడుతుంది.

"వదినా, యోర్దానిస్‌కి రక్తంలో క్యాన్సర్. నవంబరు నుంచి. మందులు పనిచేశాయి కానీ అవి చాలవట. ఎముకల్లో మూలుగ మార్చాలి. తోడబుట్టినవాళ్లదైతే మంచిదంటున్నారు. తనకి మీరొక్కరే ఉన్నారు."

"నువ్వెందుకు చేస్తున్నావు? వాడికి నోరు లేదా?"

"తను అడగొద్దన్నాడు. నేనే అడుగుతున్నాను."

వాడికి నోరు లేదా అన్నందుకు ఇప్పుడు సిగ్గుగా ఉంది. అప్పుడు లేదు.

రక్తపరీక్ష చేయించుకుంటానన్నాను. అంతే అన్నాను. వస్తానని అనలేదు.

ఏప్రిల్ 10

రక్తం ఇచ్చాను, చిన్న గొట్టాలు మూడు. తర్వాత మధ్యాహ్నం షిఫ్టు. ఉత్తరాన్నుంచి కొట్టే వార్దారిస్ గాలి బస్సును పక్కకి తోసేస్తుంటే స్టీరింగ్ రెండు చేతులతో అదిమి పట్టుకున్నాను. స్టేషన్ నుంచి ఎయిర్‌పోర్టుకి నాలుగు ట్రిప్పులు. జనం దిగారు, సూట్‌కేసులు దించుకున్నారు, గాజు తలుపుల్లోంచి లోపలికి వెళ్లిపోయారు. నేను బస్సు తిప్పుకుని వచ్చేశాను.

ఏప్రిల్ 23

రక్తపరీక్ష ఫలితం వచ్చింది, తమ్ముడిదానితో పదికి పది కలిసిందట. బళ్లో నాకెప్పుడూ పదికి పది రాలేదు. అవి యోర్దానిస్‌కే వచ్చేవి.

పక్కింటి ఎవాంథియా సెలూన్ మూసి వచ్చేసరికి వంటింట్లో కూర్చుని ఉన్నాను. మా ఇంట్లో కాఫీ ఆవిడే పెడుతుంది, నా కాఫీ నాకే నచ్చదు కనక.

"ఏమే, ఏడుస్తున్నావా నవ్వుతున్నావా? ముందది చెప్పు. చక్కెర దాన్నిబట్టి వేస్తాను."

చెప్పాను. చక్కెర రెండు చెంచాలు వేసింది.

"వెళ్తున్నావుగా?"

"వెళ్తాను."

"ఎలా వెళ్తావు?"

"బస్సులో. సరిహద్దు దాటి సోఫియా దాకా బస్సు, అక్కణ్ణుంచి రైళ్లు."

"స్టాక్‌హోంకా? నడిచి వెళ్లరాదూ, ఒళ్లు కూడా తగ్గుతుంది!"

ఏప్రిల్ 24

చూశాను. గాల్లో అయితే రెండు వేల నూటయాభై కిలోమీటర్లు, మూడుంపావు గంటలు. నేల మీద అయితే మూడు వేలకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది. మూడు రోజులు, ఆరు బళ్లు మారాలి.

మూడు రోజులు పెద్ద విషయం కాదు. ఇరవైరెండేళ్లుగా బస్సు నడుపుతున్నదాన్ని, రోడ్డంటే నాకు విసుగు లేదు. దారి కళ్లముందు కనబడుతూ ఉండాలి. విమానంలో డ్రైవర్ ముఖం కూడా చూడం.

ఇది భయం కాదు. అలవాటు.

ఏప్రిల్ 25

ఒక్కసారి రాసేసి మళ్లీ దీని జోలికి పోను.

తొమ్మిదేళ్ల కిందట ఆగస్టులో నేనూ, మా ఆయన స్తెర్గియోసూ తమ్ముడి దగ్గర పది రోజులుండి తిరిగొస్తున్నాం. ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను పత్రికలో గళ్లనుడికట్టు నింపుతున్నాను. నిద్రపోతున్నాడనుకున్నాను. ఇక్కడ దిగాక లేపితే లేవలేదు. గుండె ఆగింది. క్షణంలో అయిపోయిందనీ, పక్కన డాక్టరున్నా చేయగలిగింది ఏమీ లేదనీ తర్వాత చెప్పారు.

అంత్యక్రియల రోజు శ్మశానం గేటు దగ్గర అందరూ వింటుండగా తమ్ముడు అడిగాడు. "మూడుంపావు గంటలు పక్కనే కూర్చున్నావు కదక్కా. ఒక్కసారైనా తలతిప్పి చూడలేదా?"

ఆ తర్వాత వాడితో మాట్లాడలేదు. విమానమూ ఎక్కలేదు. ఈ రెండింటికీ సంబంధం లేదు.

నిద్రపోతున్నాడనుకున్నాను.

మే 2

తమ్ముడికి చికిత్స మొదలుపెట్టే తేదీ ఇచ్చారు. మే 28. నేను 20న బయల్దేరితే 23కల్లా అక్కడుంటాను, ఇంకా రోజులు మిగులుతాయి. డిపోలో నెలన్నర సెలవడిగాను. డ్యూటీలు వేస్తూ, అవసరమైతే బస్సూ నడిపే పాండెలిస్ సంతకం పెడుతూ, "ఎముకలోంచి తీస్తారా? నొప్పా?" అన్నాడు. వీపులో సూదులు పొడవరట, రక్తం లాగే యంత్రమట అని చెప్పాను. "అయినా సరే, తిరిగొచ్చాక వారం రోజులు నీకు ఎగుడుదిగుడు రూటు వెయ్యను," అన్నాడు. మంచివాడు.

మే 4, ఆదివారం

ఇది ఎవాంథియా ఆలోచన. నాది కాదు.

"అత్యవసరమైతే ఏం చేస్తావు? ఏదో రైలు ఆగిపోతుంది, ఏదో సమ్మె వస్తుంది. అప్పుడు? ఒకసారి సాధన చేసి పెట్టుకో. స్టీరింగ్ లేకుండా మూడుంపావు గంటలు కూర్చో చూద్దాం!"

కూర్చున్నాను, నా రూటు బస్సులోనే, వెనక సీట్లో, ప్రయాణికురాలిగా. బండి పాండెలిస్ నడుపుతున్నాడు. మొదటి అరగంట వాడు బ్రేకు వేసిన ప్రతిసారీ నా కుడికాలు నేలని తొక్కింది. అద్దంలో చూశాడు.

"ఏంటి అసిమీనా, నా డ్రైవింగ్ చెక్ చేయమని పంపారా?"

"రోడ్డు చూడు నువ్వు."

"నేను రోడ్డే చూస్తున్నాను. నువ్వే నా మెడ చూస్తున్నావు."

స్టేషన్ నుంచి ఎయిర్‌పోర్టు, ఎయిర్‌పోర్టు నుంచి స్టేషన్, రెండుసార్లు. చివరి గంట కళ్లు మూసుకుని కూర్చున్నాను. మూడు గంటల పదిహేడు నిమిషాలు. దిగేటప్పుడు పాండెలిస్ హారన్ మోగించాడు.

మే 6

షిఫ్టు అయ్యాక యూనిఫాంతోనే ఎయిర్‌పోర్టు దగ్గర దిగి గాజు తలుపు దాకా వెళ్లాను. తలుపు తెరుచుకుంది. బూటు లేసు ఊడింది. కట్టుకుందామని పక్కకి వచ్చాను, ఈలోపు బస్సు వచ్చేసింది. ఎక్కేశాను.

మే 8

మొన్న నిజానికి లేసు ఊడలేదు.

మే 11, ఆదివారం

లోపలికి వెళ్లాను. కౌంటర్ల ఎదురుగా బెంచీ మీద మూడుంపావు గంటలు కూర్చున్నాను. కులూరి రొట్టె తిన్నాను, నువ్వులన్నీ ఒళ్లో రాలాయి. తుడిచే ఆవిడ రెండుసార్లు అటూ ఇటూ తిరిగి, మూడోసారి చీపురు ఆపి, "ఎవరైనా రావాలా అమ్మా?" అంది.

"లేదు. నేనే వెళ్లాలి."

"ఎప్పుడు?"

"ఇంకా తెలీదు."

నన్ను పైనుంచి కిందికి చూసి, కాళ్లెత్తమని, బెంచీ కింద ఊడ్చి వెళ్లింది.

రోడ్డు టికెట్లు మాత్రం ఉన్నాయి. వాటిని రద్దు చేయను.

మే 13

సాయంత్రం ఐదుకి మళ్లీ ఉల్రికా ఫోన్.

చెడ్డ కణాలు మళ్లీ కనబడ్డాయట. మే 28 దాకా ఆగడానికి వీల్లేదు. గురువారం మధ్యాహ్నం నుంచి గట్టి మందు ఎక్కించడం మొదలుపెడతారు. అది వాడి మూలుగనంతా చంపేస్తుంది. ఒక్కసారి మొదలైతే వెనక్కి రావడం లేదు, నా కణాలు పడకపోతే మనిషే ఉండడు. అందుకని మొదటి మందు సంచి తగిలించేముందు నన్ను ఆ ఆస్పత్రివాళ్లు స్వయంగా పరీక్ష చేయాలి. గురువారం పొద్దున తొమ్మిదికి.

ఈ రోజు మంగళవారం.

"నేను రాకపోతే?"

"వేరే మనిషిని వెతుకుతారు. వారాలు పడుతుంది. వారాలు లేవు. వదినా, తను మీకో మాట చెప్పమన్నాడు. చెప్పనా?"

"చెప్పు."

"అక్క విమానం ఎక్కదు, నాకు తెలుసు, దాన్ని బలవంతపెట్టొద్దు అన్నాడు."

అప్పుడు నాకు కోపం వచ్చింది. తొమ్మిదేళ్లలో మొదటిసారి మంచి కోపం, కాళ్లలోకి బలం తెచ్చే కోపం.

"వాడికి చెప్పు, రేపు సాయంత్రానికి వస్తున్నానని. నువ్వు ఏ గేటు దగ్గర నిలబడతావో అది చెప్పు నాకు."

రేపు రెండూ పదికి నేరుగా వెళ్లే విమానముంది. ఒక్క సీటు మిగిలింది. ఎవాంథియా తన ఫోన్లో టికెట్ తీసింది. "కిటికీయా, నడవ పక్కా అని అడిగే అవకాశం లేదే," అంది. "ఏదైతే ఏం," అన్నాను.

మే 14, పొద్దున

సంచిలో: రెండు స్వెట్టర్లు, ఆస్పత్రి కాగితాలు, యోర్దానిస్‌కి ఎండు ఒరెగానో ఆకు పొట్లం. అక్కడి ఒరెగానో గడ్డిలా ఉంటుందని వాడు ఒకప్పుడు గొణిగేవాడు.

ఎయిర్‌పోర్టుకి నా రూటు బస్సులోనే వెళ్లాను. పాండెలిస్ నడిపాడు. ఈసారి జోకులు వేయలేదు. తలుపు తెరిచి, ఇంజిను ఆపి, నేను లోపలికి వెళ్లేదాకా బండి కదల్చలేదు. వెనక కారువాళ్లు హారన్లు కొట్టారు. కొట్టనీ అనుకున్నాడేమో.

మే 14, విమానంలో

2:31. పైకి లేచాం. పళ్లు కరిచి పట్టుకున్నాను. రాస్తుంటే టైము గడుస్తుంది కనక రాస్తున్నాను.

2:50. నాది నడవ పక్క సీటు. కిటికీ దగ్గర ఒక పెద్దాయన, డెబ్భై దాటి ఉంటాయి. కిల్కిస్ పక్క పల్లె, పొగాకు పండించేవాడట, కూతురి దగ్గరికి వెళ్తున్నాడు. పేరు థెయోఫిలోస్. బెల్టు పెట్టుకుంటూ, "అమ్మాయ్, నేను నిద్రపోతాను. తిండి వస్తే లేపు," అన్నాడు. అన్నంత పనీ చేశాడు.

3:20. నోరు తెరిచి నిద్రపోతున్నాడు. గురక లేదు. చొక్కా రెండో గుండీ పైకీ కిందికీ కదులుతోంది. చూస్తున్నాను.

3:45. కదులుతోంది.

4:10. కదులుతోంది. తిండి వచ్చింది. లేపితే లేచాడు, రొట్టె తిన్నాడు, నా రొట్టె కూడా తిన్నాడు, మళ్లీ పడుకున్నాడు.

4:40. సగం పైగా దాటేశాం. కింద మేఘాలు. నేను చేయగలిగింది ఏమీ లేదు, ఊరికే కూర్చోవడమే. కూర్చున్నాను.

5:05. నలభై నిమిషాల్లో దిగుతామని చెప్పారు. పెద్దాయన తల కిటికీ వైపు వాలింది. గుండీ కనబడటం లేదు. ముఖం కనబడటం లేదు.

5:15. లేపేశాను. భుజం పట్టుకుని గట్టిగా ఊపాను. "బాబాయ్! బాబాయ్!" ముందు సీటువాళ్లు కూడా వెనక్కి తిరిగారు.

"తిండి వచ్చిందా?"

"లేదు."

"మరి?"

"ఊరికే."

"ఊరికేనా!" అని నన్ను చూశాడు. కాస్త ఎక్కువసేపే చూశాడు. నా చెంపలు తడిసి ఉన్నాయని నాకప్పుడు తెలిసింది. ఆయన కుర్చీలో నిటారుగా కూర్చుని, కళ్లు నులుముకుని, "సరే. దిగేదాకా మెలకువగా ఉంటాలే. పొగాకు ఆకు ఎలా గుచ్చుతారో తెలుసా నీకు?" అన్నాడు.

దిగేదాకా చెప్తూనే ఉన్నాడు. ఆకు, సూది, దారం, ఎండ. ఒక్క మాటా గుర్తులేదు. ఒక్క క్షణం కూడా ఆపలేదు.

మే 14, సాయంత్రం, ఉల్రికా ఇంట్లో

ఏడున్నరైనా ఇక్కడ ఎండ మధ్యాహ్నంలా ఉంది. ఉల్రికా ఎయిర్‌పోర్టులో నన్ను పట్టుకుని వదల్లేదు. ఇప్పుడు ఆస్పత్రికి వెళ్లింది. నన్ను రేపటిదాకా విశ్రాంతి తీసుకోమంది.

నిద్రపోతున్నాడనుకున్నానని అబద్ధం రాశాను ఇందులో. రెండుసార్లు.

నేను తలతిప్పి చూశాను.

నలభై నిమిషాల్లో దిగుతామని ఆ రోజూ చెప్పారు. స్తెర్గియోస్‌ని బెల్టు పెట్టుకోమందామని చెయ్యి తట్టాను. చెయ్యి చల్లగా ఉంది. ముఖం చూశాను. అర్థమైపోయింది. నాకు తెలిసింది, పూర్తిగా తెలిసింది. పిలిస్తే అందరూ వస్తారు, ఆయన్ని నా పక్కనుంచి లాగి నడవలో పడుకోబెడతారు, బట్టలు చింపుతారు, అప్పుడది నిజమవుతుంది. పిలవలేదు. దుప్పటి మెడదాకా కప్పాను. చెయ్యి నా చేతిలో పెట్టుకున్నాను. ఎయిర్‌హోస్టెస్ వచ్చి, "నిద్రపోతున్నారా?" అంది. అవునన్నాను.

నలభై నిమిషాలు అలా కూర్చున్నాను. పిలిచి ఉంటే ఏమయ్యేదో ఏ డాక్టరు చెప్పినా నాకు సరిపోదు.

మే 15

పరీక్షలన్నీ అయ్యాయి. నేను పనికొస్తానట. పన్నెండుంపావుకి మొదటి సంచి తగిలించారు.

అంతకుముందు ఐదు నిమిషాలు వాణ్ణి చూడనిచ్చారు. చేతులు కడిగించి, మూతికి మాస్కు కట్టి. నలభైతొమ్మిదేళ్ల మనిషి, పన్నెండేళ్లవాడిలా మంచంలో కుంచించుకుపోయి ఉన్నాడు.

"లావయ్యావు," అన్నాడు.

"నీకు కనుబొమ్మల్లేవు."

"ఎక్కావా నిజంగా?"

"లేదు, ఈదుకుంటూ వచ్చాను."

నవ్వబోయి దగ్గాడు. నర్సు నన్ను బయటికి పంపేసింది.

మే 19

రెండు రోజులుగా నాకు పొట్టలో ఇంజెక్షన్లు. మూలుగలో కణాలు పొంగి రక్తంలోకి రావాలట. నడుము ఎముకలో ఎవరో పాత బస్సుని మొదటి గేరులో ఎత్తు ఎక్కిస్తున్నట్టుంది. మాత్ర వేసుకోమన్నారు, వేసుకున్నాను. ఎక్కనీ.

మే 21

చెప్పేశాను.

రేపు నాలోది వాడిలోకి వెళ్తుంది. దాంతోపాటు అబద్ధం వెళ్లకూడదనిపించింది. కుర్చీ దగ్గరికి లాక్కుని, శ్మశానం గేటు దగ్గర నువ్వడిగినదానికి జవాబు ఇదీ అని మొత్తం చెప్పాను. చల్లటి చెయ్యి, దుప్పటి, "నిద్రపోతున్నారా", "అవును".

వాడు గోడవైపు తిరిగాడు. ఒక్క మాట అనలేదు. పావుగంట చూసి లేచి వచ్చేశాను.

అనకపోతే పోనీ. రేపు మాత్రం ఇచ్చి తీరతాను.

మే 22

ఐదు గంటలు యంత్రం పక్కన పడుకున్నాను. ఒక చేతిలోంచి రక్తం తీసి, కావలసినది ఉంచుకుని, ఇంకో చేతిలోకి పంపేస్తుంది. పెదాలు తిమ్మిరెక్కాయి. చివరికి మిగిలింది అరచేతిలో పట్టే సంచి, పలుచటి టొమాటో రసం రంగు. ఇంతేనా అన్నాను. ఇంతే చాలన్నారు.

సాయంత్రం నాలుగున్నరకి వాడికి ఎక్కించారు. ఆపరేషనేమీ లేదు, మామూలు సెలైన్‌లాగే, చుక్కచుక్కగా. నేనూ ఉల్రికా చెరోపక్కన. సంచి సగం అయ్యేదాకా వాడు పైకప్పు చూస్తూ ఉన్నాడు.

"అక్కా."

"ఊఁ."

"ఆ నలభై నిమిషాలూ ఒక్కదానివే ఉన్నావా?"

తల ఊపాను.

"ఆ రోజు నేనే కదా మిమ్మల్ని ఎయిర్‌పోర్టులో దింపింది. నువ్వు కాఫీకి వెళ్లావు. బావ నాతో, ఛాతీ పట్టేసినట్టుంది యోర్దానిస్ అన్నాడు. రాత్రి హెర్రింగ్ చేప అంత మింగితే పట్టెయ్యదా మరి అని నవ్వాను. ఆయనా నవ్వాడు. మీనాకి చెప్పకు, ఊరికే కంగారుపడుతుంది అన్నాడు. చెప్పలేదు." మాస్కు వెనక ముక్కు ఎగబీల్చాడు. "చెప్పలేదక్కా. ఆ మూడుంపావు గంటలూ నేను నా కారులో పాటలు పెట్టుకుని ఇంటికి వెళ్లాను. తర్వాత వచ్చి, అందరి ముందూ నిన్ను అడిగాను."

ఉల్రికాకి ఇది తెలియదని ఆమె ముఖం చూస్తే తెలిసింది. వాడి అరికాలు మీద చెయ్యి వేసి అలాగే ఉంచింది.

నాకు కోపం రావాలి. కూర్చుని వెతుక్కున్నాను, ఎక్కడా దొరకలేదు. స్తెర్గియోస్ మీదే కాస్త వచ్చింది. మీనా కంగారుపడుతుందట!

"చెయ్యి కదిలించకు. సూది జరుగుతుంది," అన్నాను. ఇంకో చెయ్యి పట్టుకున్నాను. కాలిపోతున్న చెయ్యి. సంచి ఖాళీ అయ్యేదాకా వదల్లేదు.

మే 27

జ్వరం. నన్ను లోపలికి రానివ్వలేదు.

మే 30

తెల్లకణాలు సున్నా. నోరంతా పుండ్లు. మాట్లాడలేడు. వేళ్లతో చెప్తాడు: రెండు వేళ్లు నీళ్లు, ఒక వేలు పొమ్మని. రోజూ నాకు ఒక వేలే చూపిస్తున్నాడు. రోజూ కూర్చుంటున్నాను.

జూన్ 3

సున్నా.

జూన్ 5

సున్నా. నావి మొండి కణాలు, టైము తీసుకుంటాయి అని నర్సుకి చెప్పాను. ఉల్రికా అనువదించింది. నర్సు నవ్వలేదు. నేనూ నవ్వులాటకి చెప్పలేదు.

జూన్ 8

0.2.

తప్పు చదివారేమోనని మళ్లీ చూడమన్నాను. 0.2.

జూన్ 12

0.9. నా కణాలు పట్టుకున్నాయట. మెల్లగా వాడి రక్తం గ్రూపు కూడా నాదే అయిపోతుందని డాక్టరు చెప్పింది. ఇంకా చాలా దూరం ఉంది, నెలలు జాగ్రత్తగా ఉండాలి అని కూడా చెప్పింది. సరే, నెలలు జాగ్రత్తగా ఉంటాం. డిపోకి ఫోన్ చేసి ఇంకో మూడు వారాలు కావాలన్నాను.

వాడు మింగగలుగుతున్నాడు. పొద్దున ఆస్పత్రి సూపు మీద పెద్ద గొడవ. ఉప్పు లేదు, రుచి లేదు, ఇది పళ్లెం కడిగిన నీళ్లు అని గ్రీకులో అరిచాడు. నర్సుకి అర్థం కాకపోయినా అర్థమైంది. ఉల్రికా నా చెవిలో, "వదినా, పెళ్లయిన ఇరవయ్యేళ్లలో తను ఇలా అరవలేదు. ఇది మీ రక్తం పనే," అంది.

డాక్టరునడిగి, ఇంట్లో కోడి, బియ్యం వేసి, ఒరెగానో నలిపి బాగా మరగబెట్టి సూపు చేసి పట్టుకెళ్లాను. మా ఇంట్లో ఈ సూపులో గుడ్డూ నిమ్మరసమూ కలుపుతాం, కానీ గుడ్డు వెయ్యడానికి వీల్లేదన్నారు, వెయ్యలేదు. ఒక చెంచా తాగాడు. ఇంకో చెంచా. సగం గిన్నె తాగి, చెంచా పక్కన పెట్టి నా వైపు చూశాడు.

"గుడ్డు లేదు. నిమ్మకాయ తక్కువైంది. దీన్ని సూపంటారా?"

గిన్నె తీసుకుని బయటికొచ్చి నడవాలో ఉతికే బట్టల బుట్ట పక్కన నిలబడ్డాను. అక్కడ ఎవరూ లేరు. చాలాసేపు ఉన్నాను.

రేపు రెండు నిమ్మకాయలు పిండుతాను.